మిద్దె మీద మొదలుపెట్టి గుత్తి కొండ దాకా: ఏఐతో కోడ్ రాయించుకొని ఐఎస్ఎస్ రేడియో వినేది ఎట్లా

పది రోజుల్లో ఒక్కసారి కూడా ఐఎస్ఎస్, అంటే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం, అనంతపురం మీదికి రాదంట, ఏఐతో రాయించుకున్న నా ప్రోగ్రాం చెప్పింది. ఆ అంతరిక్ష కేంద్రం గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తాది, మన మీదికి దాదాపు రోజూ వస్తాది, అట్లాంటిది పది రోజులు ఖాళీ అంటే ఏందో తేడా కొట్టింది. ఎర్రర్ ఏమీ లేదు, కోడ్ నున్నగా నడిచింది, చివర్లో పాస్‌లు (మన ఆకాశం మీదుగా పోయే సార్లు) లేవు అని మర్యాదగా చెప్పి ఆగిపోయింది. అరగంట తల గోక్కున్నాక దొరికింది, ఏఐ అక్షాంశం రేఖాంశం తారుమారు చేసి పెట్టింది, 14.68 ఉండాల్సిన చోట 77.60. అంటే నేను అనంతపురంలో కాదు, నార్వేకి ఇంకా పైన స్వాల్‌బార్డ్ దీవుల మంచులో కూచున్నట్టు లెక్క. ఐఎస్ఎస్ కక్ష్య భూమధ్యరేఖకి 51.6 డిగ్రీలు వాలి ఉంటాది, ఎత్తు 400 కిలోమీటర్ల పైచిలుకు కాబట్టి దానికి ఇంకో 20 డిగ్రీలు అవతల ఉండేవాళ్లకి కూడా కనపడతాది, అంతే, 72 డిగ్రీలు దాటి ఉండేవాడికి అది జన్మలో కనపడదు. 77.60 కాడ కూచున్నోడికి పాస్‌లు లేవు అనేది నూటికి నూరు పాళ్లు కరెక్టు జవాబే. నేను ఉండే చోటే తప్పు.

అప్పట్నుంచి నాకు ఒక అలవాటు పడింది, ఏఐ రాసిచ్చిన దాన్ని కొండ ఎక్కక ముందే మిద్దె మీద ఓడించాలని చూడటం. కొండ మీద నెట్ ఉండదు, చార్జింగ్ ఉండదు, పాస్ ఆరు నిమిషాల్లో అయిపోతాది, అక్కడ కూచుని కోడ్ సరిచేసుకునే టైం ఎవరికీ లేదు. రేడియో అంటే ఇష్టం ఉండి పైథాన్ అంతంతమాత్రం వచ్చినోళ్లు ఇది చదివి ఒక ఆదివారం గడిపితే సాయంత్రానికి ఆకాశంలోంచి వచ్చే గుర్రుగుర్రు సౌండ్ వినొచ్చు.

ముందు లైసెన్స్ సంగతి తేల్చేద్దాం. ట్రాన్స్‌మిట్ నొక్కాలంటే, అంటే మనం పలకాలంటే, అమెచ్యూర్ (హామ్, అంటే సరదా కోసం రేడియో నడిపేవాళ్ల) స్టేషన్ ఆపరేటర్ లైసెన్స్ ఉండాల్సిందే, వాకీటాకీ చేతిలో ఉంది కదా అని నొక్కితే నేరం. మన దేశంలో రెండు గ్రేడ్లు, జనరల్, రెస్ట్రిక్టెడ్. జనరల్ వాళ్ల కాల్‌సైన్ (రేడియోలో పేరు బదులు వాడే గుర్తు) వీయూ2తో, రెస్ట్రిక్టెడ్ వాళ్లది వీయూ3తో మొదలవుతాది, 12 ఏళ్లు నిండితే చాలు పరీక్ష రాయొచ్చు, దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్లో. పరీక్షకి ఏఐతో చదువుకునేవాళ్లకి ఒక మాట, అది తెలీకుండానే అమెరికా రూల్స్ చెప్పేస్తాది. రెండు మీటర్ల బ్యాండు (తరంగం పొడవుని బట్టి పెట్టిన పేరు) 144 నుంచి 148 అంటాది, మనకి 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ దాకానే. డెబ్బై సెంటీమీటర్ల బ్యాండు 420 నుంచి 450 అంటాది, మనకి 434 నుంచి 438. నలభై మీటర్లు వాళ్లకి 7.300 దాకా, మనకి 7.200 దాకా.

ఇది పరీక్షలో మార్కులు పోయేంత చిన్న విషయం కూడా కాదు. హ్యాండ్‌సెట్‌లో చానెల్స్ ఎక్కించడానికి చిర్ప్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, దాని సీఎస్‌వీ ఫైల్ (చానెళ్ల పట్టిక) తయారు చేసియ్యమని ఏఐని అడిగితే అందంగా ఇచ్చింది, అందులో మొదటి చానెల్ 146.520. అమెరికాలో హామ్‌లు ఒకరినొకరు పిలుచుకునే ఫ్రీక్వెన్సీ అది, మన దగ్గర మాత్రం అది హామ్ బ్యాండే కాదు, అవతల ఎవరో వేరేవాళ్ల జాగా. పేరు పక్కన కాలింగ్ అని కూడా రాసి ఉండింది, చూసి నమ్మేసి నొక్కేటట్టు. అందుకే ఫ్రీక్వెన్సీలు వచ్చే పని ఏది అడిగినా నేను మొదటి లైన్లోనే నేను ఇండియాలో ఉన్నా, 144 నుంచి 146, 434 నుంచి 438 దాటిన ట్రాన్స్‌మిట్ ఫ్రీక్వెన్సీ ఏది వచ్చినా ఆ లైన్ తీసేసి నాకు చెప్పు అని రాస్తా.

ఇంక వినేది ఏంది? ఐఎస్ఎస్‌లో హామ్ రేడియో ఉంది. 145.825 మెగాహెర్ట్జ్ మీద పాకెట్ డేటా రిపీటర్, చిన్నచిన్న మెసేజ్‌లు కింద నుంచి పట్టుకొని తిరిగి కిందికి వదులుతాది. ఇంకో పక్క మాటల రిపీటర్, మనం 145.990 మీద 67 హెర్ట్జ్ టోన్‌తో (రిపీటర్‌ని తెరిచే తాళంచెవి లాంటి శబ్దం) పలికితే అది 437.800 మీద కిందికి పంపుతాది. ఏ రోజు ఏది ఆన్‌లో ఉందో మారతా ఉంటాది, పోయే ముందు చూసుకోండి. 2025 జులైలో మన వ్యోమగామి శుభాంశు శుక్లా మన పిల్లలతో హామ్ రేడియోలో మాట్లాడింది అక్కడి నుంచే. మనకి సొంత హామ్ శాటిలైట్ కూడా ఒకటి ఉండింది, హామ్‌శాట్ అని, 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ సీ6లో పోయింది, 2014 దాకా పనిచేసింది.

వాతావరణ శాటిలైట్ ఫొటోలు పట్టుకుందాం అని మొదలుపెట్టేవాళ్లు కూడా ఉంటారు, యూట్యూబ్ నిండా నోవా 15, 18, 19 (అమెరికా వాళ్ల వాతావరణ శాటిలైట్లు) వీడియోలే. ఏఐని అడిగితే అది కూడా 137.100 ట్యూన్ చెయ్యి, నోవా 19 వస్తాది అని ధైర్యంగా చెప్తాది. రాదు. 2025 జూన్‌లో 18, ఆగస్టులో 19, 15 మూడూ ఆపేసినారు. ఇప్పుడు ఫొటోలు కావాలంటే రష్యా వాళ్ల మెటియర్ ఎం2-3, ఎం2-4, 137.900 దగ్గర, శాట్‌డంప్ అనే సాఫ్ట్‌వేర్‌తో డీకోడ్ చేసుకోవాల. ఏఐ తప్పు కాదు అది, దాని చదువు ఎప్పుడో ఆగిపోయింది అంతే, పాత పంచాంగం పట్టుకొని ముహూర్తం పెట్టే అయ్యవారు లాగా.

యాంటెన్నా ఇప్పుడు. దీని మీద టైం పెట్టండి, రేడియో మీద కాదు. నేను వాడేది స్టీల్ టేపు యాగీ (ఒక దిక్కుకి గురిపెట్టే యాంటెన్నా), దర్జీ టేపు కాదు, మేస్త్రీలు వాడే ఇనప టేపు. హార్డ్‌వేర్ షాపులో 5 మీటర్లది, ఒక అంగుళం వెడల్పుది అడగండి, సన్న టేపులు గాలికి వేలాడిపోతాయి. వెనక ముక్క 105 సెంటీమీటర్లు, ముందు ముక్క 89, మధ్యలోది 45 చొప్పున రెండు ముక్కలు, ఆ రెంటి మధ్య అంగుళం సందు. అరంగుళం పీవీసీ పైపు మీద వెనకదానికీ మధ్యదానికీ 20 సెంటీమీటర్లు, మధ్యదానికీ ముందుదానికీ 32. ముక్కల్ని హోస్ క్లిప్పులతో బిగించొచ్చు. మధ్య రెండు ముక్కలకీ కోయాక్స్ వైరు లోపలి తీగ ఒకదానికి, జల్లెడ తీగ ఇంకోదానికి, ఆ రెండు అతుకుల మధ్య 12 సెంటీమీటర్ల తీగ యూ ఆకారంలో వంచి అదనంగా అతికించాల, అది లేకపోతే యాంటెన్నా కేబుల్‌కి మ్యాచ్ కాదు, అది చూసి షార్ట్ అయింది అనుకొని పీకేస్తారు చాలామంది. ఇదంతా హామ్‌ల దగ్గర చాలా ఏళ్లుగా నలిగిన డిజైనే, నేను కనిపెట్టింది కాదు. టేపు మీది పసుపు రంగుని ఉప్పుకాగితంతో పూర్తిగా గీకేయండి, మెరిసే ఇనుము కనపడాల, లేకపోతే సోల్డర్ పట్టదు, పట్టినట్టు కనపడి కొండ మీద ఊడిపోతాది. కోసిన అంచులు చేతులు కోస్తాయి, ఇన్సులేషన్ టేపు చుట్టండి.

ఇది రెండు మీటర్ల బ్యాండు యాంటెన్నా, 145.825 పాకెట్ వినడానికి సరిగ్గా సరిపోతాది. 437.800 వినాలంటే దీంట్లో మూడో వంతు సైజులో ఇంకోటి చేసుకోవాల.

కొలతలు ఏఐని అడిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, అడుగుల్లో లెక్క వేసే ఫార్ములా 468ని ఫ్రీక్వెన్సీతో భాగించేది, మీటర్ల ఫార్ములా 143ని భాగించేది, ఏఐ ఒక్కోసారి అడుగుల జవాబు ఇచ్చి పక్కన మీటర్లు అని రాస్తాది. 145.8కి మొత్తం డైపోల్ (రెండు సగాలుండే మామూలు యాంటెన్నా) 0.98 మీటర్లు రావాల, 3.2 వచ్చిందంటే అది అడుగులు. ఇంకా తేలిక లెక్క కావాలంటే, రెండు మీటర్ల బ్యాండులో డైపోల్ ఒక్కో సగం మూరెడు, కొంచెం ఎక్కువ. మోచెయ్యి పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతాది ఫార్ములా దారి తప్పిందో లేదో.

రేడియో ఏదైనా ఎఫ్ఎం వినిపించే హ్యాండ్‌సెట్ చాలు. లేదంటే ఆర్టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ (చిన్న యూఎస్‌బీ రేడియో రిసీవర్), ఓటీజీ కేబుల్‌తో ఫోన్‌కి పెట్టుకోవచ్చు, స్క్రీన్ మీద సిగ్నల్ నిలువు గీతగా కనపడతాది కాబట్టి కొత్తవాళ్లకి ఇదే మేలు అంటా నేను, చెవికి అందకముందే కంటికి అందుతాది.

ఇంక కోడ్. చాట్‌లో అడిగి కాపీ చేసుకునే పద్ధతి ఒకటి, క్లాడ్ కోడ్, కోడెక్స్, జెమినై సీఎల్ఐ లాంటివి టెర్మినల్‌లోనే కూచుని ఫైళ్లు చదివి రాసి రన్ చేసి తప్పు వస్తే వాటంతటవే దిద్దుకునే పద్ధతి ఒకటి. రెండోది హాయి, కానీ అది దిద్దే ఊపులో నడిచేదాన్ని కూడా మార్చేస్తాది, కాబట్టి ఒకటి పనిచేసిన వెంటనే గిట్‌లో కమిట్ కొట్టండి (అంటే ఆ కోడ్‌ని అట్లాగే దాచిపెట్టండి), గిట్ రాకపోతే ఫోల్డర్ కాపీ తీసి పెట్టండి చాలు. చిన్నగా ఒకటి అడగడం, నడిచిందా చూడటం, తర్వాత ఇంకోటి. నాకు శాటిలైట్ ట్రాకర్ యాప్ కావాల అని ఒక్క లైన్ రాస్తే మ్యాపులు రంగులు బటన్లు అన్నీ వేసి వెయ్యి లైన్లు ఇస్తాది, అందులో తప్పు ఎక్కడుందో ఆ దేవుడికి తెలియాల.

నేను ఇప్పుడు రాసే ప్రశ్న దాదాపు ఇట్లా ఉంటాది, తెలుగులోనే రాసినా అర్థం చేసుకుంటాది (25544 అంటే ఐఎస్ఎస్, యూటీసీ ప్రపంచ టైం, ఐఎస్‌టీ మన టైం, టీఎల్ఈ, గ్రిడ్ లొకేటర్ ఏందో కింద చెప్తా):

"పైథాన్‌లో స్కైఫీల్డ్ లైబ్రరీ వాడి ప్రోగ్రాం రాయి. స్థలం ఉత్తర అక్షాంశం 14.68, తూర్పు రేఖాంశం 77.60, ఎత్తు 335 మీటర్లు. శాటిలైట్ కేటలాగ్ నంబర్ 25544. వచ్చే 3 రోజుల్లో 10 డిగ్రీలకంటే పైకి వచ్చే పాస్‌లు కావాల. ఒక్కోదానికి మొదలు, గరిష్ఠ ఎత్తు, ముగింపు, మూడింటికీ టైం, దిక్కు. లోపల లెక్కలన్నీ యూటీసీలో, చూపించేటప్పుడు మాత్రమే ఒక్కసారి ఐఎస్‌టీకి మార్చు, పక్కన ఐఎస్‌టీ అని రాయి. టీఎల్ఈ ఫైల్ నా ఫోన్లో ఉంటాది, ప్రోగ్రాం నెట్ అడగకూడదు. టీఎల్ఈ 3 రోజులకంటే పాతదైతే పెద్ద హెచ్చరిక చూపించు. మొదటి లైన్లో గ్రిడ్ లొకేటర్ లెక్కగట్టి చూపించు, అది ఎంకే84టీక్యూ కాకపోతే అక్కడే ఆగిపో."

ఆ చివరి వాక్యమే స్వాల్‌బార్డ్ నుంచి నన్ను వెనక్కి తెచ్చింది. గ్రిడ్ లొకేటర్ అంటే హామ్‌లు తాము ఎక్కడున్నామో నాలుగో ఆరో అక్షరాల్లో చెప్పుకునే పద్ధతి, కాగితం మీద మనమే వేసుకోవచ్చు. రేఖాంశానికి 180 కలపండి, 257.60. 20తో భాగిస్తే 12, ఎ సున్నా అనుకొని లెక్కబెడితే 12 అంటే ఎం. మిగిలిన 17.60ని 2తో భాగిస్తే 8. అక్షాంశానికి 90 కలపండి, 104.68, 10తో భాగిస్తే 10 అంటే కే, మిగిలింది 4. ఎంకే84. అదే తారుమారు చేసి వేస్తే జేక్యూ77 వస్తాది, చూడగానే దొరికిపోతాది. కర్నూలు ఎంకే95, కడప ఎంకే94, గుత్తి ఎంకే85, మీ ఊరిది మీరు చేత్తో వేసుకొని ప్రోగ్రాంకి ఇవ్వండి, ఏఐనే వెయ్యమని అడిగి దాన్నే దానికి ఇస్తే దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టే. ఈ తారుమారు ఎందుకొస్తాదంటే గూగుల్ మ్యాప్స్‌లో వేలు నొక్కిపెడితే అక్షాంశం ముందు వస్తాది, జియోజేసన్ అనే మ్యాపు ఫైళ్లలో రేఖాంశం ముందు ఉంటాది, రెండు రకాల కోడూ చదివి పెరిగింది కాబట్టి ఏఐకి ఏది ముందో ఒక్కోసారి గల్లంతు.

టైం గురించి నా రెండో అవమానం. పాస్ 12:52కి అని చూపించింది, మే నెల మిట్టమధ్యాహ్నం మిద్దె మీద యాంటెన్నా పట్టుకొని నిలబడినా, చెప్పులు కరిగిపోతాయేమో అనిపించింది, ఒక్క చప్పుడు లేదు. అది యూటీసీ. ఐఎస్‌టీలో 18:22. సరే అని ఏఐకి చెప్పినా, టైం తప్పు, ఐదున్నర గంటలు కలుపు అని. కలిపింది. రెండు చోట్ల కలిపింది. ఇప్పుడు 23:52 చూపిస్తాంది. అందుకే పైన ప్రశ్నలో ఒక్కసారి మాత్రమే మార్చు అని రాసింది. సరిచూసుకోవడానికి హెవెన్స్ అబవ్ లాంటి సైట్‌లో మీ ఊరు పెట్టుకొని అదే రోజు పాస్ చూడండి, కొన్ని సెకన్ల తేడా అయితే పర్లేదు, నిమిషాల తేడా ఉంటే పాత టీఎల్ఈ, గంటల తేడా ఉంటే టైం జోన్, అసలు పాసే లేకపోతే స్థలం. ఈ మూడు తప్ప నాకు ఇంతవరకు నాలుగో జబ్బు తగల్లేదు.

టీఎల్ఈ అంటే శాటిలైట్ కక్ష్య వివరాలు ఉండే రెండు లైన్ల అంకెలు, సెలెస్‌ట్రాక్ సైట్‌లో దొరుకుతాయి. ఐఎస్ఎస్‌ని అప్పుడప్పుడు ఇంజన్ వెలిగించి పైకి తోస్తారు, కిందకి గాలి రాపిడి లాగుతా ఉంటాది, కాబట్టి పాత అంకెలు చెల్లవు. కొండకి పోయే ముందు రోజు రాత్రి ఒక్కసారి దించుకోండి. ఒక్కసారి అని ఎందుకంటున్నా అంటే ఏఐ రాసే కోడ్ ప్రతి రన్‌కీ డౌన్‌లోడ్ చేసేస్తాది, అక్కడ డేటా రెండు గంటలకోసారి కంటే ముందు మారదు, ఊరికే మాటిమాటికీ తట్టేవాళ్లని వాళ్లు బ్లాక్ చేస్తారు. ఇంకో తిరకాసు ఉంది, స్కైఫీల్డ్ ఫైల్ ఉంటే దాన్నే వాడుకుంటాది, కొత్తది అడగదు, నెల కిందటిదైనా గమ్మున వాడేస్తాది, అందుకే ఆ హెచ్చరిక.

ఇదంతా ఫోన్లో నడవాల. ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ అని టెర్మినల్ యాప్ ఉంది, ఎఫ్‌డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి వేసుకోండి. స్కైఫీల్డ్‌కి నంపై అనే లెక్కల లైబ్రరీ కావాల, ఏఐ పిప్‌తో వెయ్యమంటాది, ఫోన్ అరగంట వేడెక్కి చివరికి ఎర్రర్ ఇస్తాది. టెర్మక్స్ సొంత ప్యాకేజీల్లో పైథాన్ నంపై రెడీగా ఉంది, అది వేసి తర్వాత స్కైఫీల్డ్ ఒక్కటీ పిప్‌తో వేసుకుంటే రెండు నిమిషాల పని. ఇంకా ఏఐ తన మంచితనంతో గ్రహాల స్థానాల ఫైల్ ఒకటి దించేటట్టు రాస్తాది, పాస్‌ల లెక్కకి అది అక్కర్లేదు, తీసెయ్యమనండి. అన్నీ అయ్యాక ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి నడపండి. అప్పుడు నడిస్తేనే కొండ మీద నడుస్తాది.

డాప్లర్ సంగతి చెప్పాల. గుంతకల్లు ప్లాట్‌ఫాం మీద నిలబడితే ఆగకుండా పోయే బండి హారన్ దగ్గరికొచ్చేటప్పుడు సన్నగా, దాటిపోయేటప్పుడు బొంగురుగా వినపడతాది కదా, ఇదీ అంతే. ఐఎస్ఎస్ సెకనుకి 7.66 కిలోమీటర్లు పోతాది, 437.800 మీద దాదాపు 10 కిలోహెర్ట్జ్ అటూ ఇటూ జరుగుతాది, కాబట్టి హ్యాండ్‌సెట్‌లో ఐదు చానెల్స్ పెట్టుకోండి, 437.810, 437.805, 437.800, 437.795, 437.790, పాస్ మొదట్లో మొదటిది, నడిమిలో మూడోది, చివర్లో ఐదోది. 145.825 మీద మూడున్నర కిలోహెర్ట్జే, ఎఫ్ఎం కాబట్టి కదపకపోయినా వినపడతాది. సెకను సెకనుకి ఫ్రీక్వెన్సీ చూపించే కోడ్ అడిగితే ఏఐ లైబ్రరీలో లేని ఫంక్షన్ ఒకటి సొంతంగా పేరు పెట్టి వాడేసింది, అది పర్లేదు, ఎర్రర్ వచ్చి దొరికిపోతాది. దొరకనిది ప్లస్ మైనస్ తప్పు. దగ్గరికొచ్చేటప్పుడు ఎక్కువ చూపిస్తాందా తక్కువ చూపిస్తాందా, అంతే చూడండి, తక్కువ చూపిస్తే గుర్తు తిరగబడింది. మనం పంపే ఫ్రీక్వెన్సీకి అది ఉల్టా, దగ్గరికొచ్చేటప్పుడు తగ్గించి పంపాల, ఏఐ రెండింటికీ ఒకే గుర్తు పెట్టేస్తాది.

పీటీటీ బటన్ (నొక్కి మాట్లాడే బటన్) మాత్రం కోడ్ చేతికి ఇవ్వొద్దు. కేబుల్ కలిపి కంప్యూటరే ట్రాన్స్‌మిట్ నొక్కేటట్టు చెయ్యొచ్చు, ఏఐ సంతోషంగా రాసిస్తాది, మధ్యలో ప్రోగ్రాం ఎక్కడో ఇరుక్కుంటే బటన్ నొక్కినట్టే ఉండిపోతాది, రిపీటర్ మొత్తం మీ ఒక్కరి మోతతో నిండిపోతాది, లైసెన్స్ మీ పేరు మీద ఉంటాది ఏఐ పేరు మీద కాదు. వేలు ఉంది, వేలితో నొక్కండి.

కొండ గురించి నిజం చెప్పాలంటే శాటిలైట్ వినడానికి కొండ అక్కర్లేదు, చుట్టూ అడ్డం లేని మిద్దె చాలు. కొండ ఎందుకంటే ఊర్లో ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, చార్జర్లు అన్నీ కలిసి రేడియోలో జోరీగ రాగం తీస్తా ఉంటాయి, పైకి పోతే అది తెగిపోతాది. ఇంకోటి, శాటిలైట్ లేనప్పుడు కింద వాళ్లతో మాట్లాడొచ్చు, 300 మీటర్ల ఎత్తు మీద నుంచి రేడియో చూపు 70 కిలోమీటర్లు దాటి పోతాది, గుత్తి నుంచి అనంతపురం సుమారు 50. సోలార్ ప్లాంట్ల పక్కన మాత్రం కూచోవద్దు, ఇన్వర్టర్ల మోత ఊర్లోకంటే ఘోరం.

గుత్తి కోట పురావస్తు శాఖ వాళ్ల రక్షణలో ఉంది, గుంత తవ్వి పోల్ పాతడం, గోడకి మేకు కొట్టడం కుదరదు, చేత్తో పట్టుకునే యాంటెన్నా అయితే ఎవరికీ ఇబ్బంది లేదు. పొద్దున ఐదున్నరకే మెట్లు మొదలుపెట్టండి, తొమ్మిది తర్వాత బండ కాలుతాది, ఫోన్ వేడెక్కి పవర్‌బ్యాంక్ పెట్టినా చార్జింగ్ ఎక్కించుకోవడం మానేస్తాది, తడి టవల్ కింద పెట్టుకుంటే కొంచెం నయం. మజ్జిగ బాటిల్ పెద్దది తీసుకోండి, కోతులకి కనపడకుండా. ఏప్రిల్ మే నెలల్లో సాయంత్రం పూట మబ్బు పట్టిందంటే పాస్ ఎంత మంచిదైనా వదిలేసి దిగండి, కొండ కొన మీద ఇనప కమ్మీలు పట్టుకొని నిలబడటం అంటే పిడుగుని పేరు పెట్టి పిలిచినట్టు.

లైసెన్స్ కాపీ జేబులో పెట్టుకోండి. మన సీమలో కోటల మీద ఏదో పరికరం పట్టుకొని తిరిగేవాడు అంటే గుప్తనిధుల కోసమే అని లెక్క. నన్ను గుత్తి కోటలో మరాఠా సర్దారు మురారిరావు గద్దె దగ్గర ఒకాయన గంటసేపు కనిపెట్టి చూసి చివరికి దగ్గరికొచ్చి "యాడిదప్పా ఈ మిషను" అన్నాడు. వజ్రకరూరు పక్క ఇంకా బాగుంది, జూన్‌లో తొలకరి పడినాక చేన్లలో జనం వజ్రాల కోసం వంగి వెతుకుతా ఉంటారు, ఆ టైంలో నేను రోడ్డు పక్క టేపు యాంటెన్నా తిప్పుతా ఉంటే పదిమంది చుట్టూ చేరినారు. పైన మనుషులుండే కేంద్రం ఒకటి తిరుగుతా ఉంది పెద్దాయనా, దాని సిగ్నల్ పడతాన్నా అని చెప్తే ఆయన ఆకాశం దిక్కు చూసి "పైన ఉండేవాళ్లను అడుగు నాయనా, కింద యాడ మెరుస్తాందో వాళ్లకి కనపడతాదేమో" అన్నాడు.

పాస్ టైంలో చేసే పని చాలా తక్కువ. రెండు నిమిషాలు ముందే దిక్కు చూసుకొని నిలబడండి, ఫోన్ కంపాస్ స్టీల్ టేపు పక్కన పిచ్చెక్కినట్టు తిరుగుతాది, దూరంగా పెట్టి ముందే చూసుకొని ఆ దిక్కున ఏ చెట్టో టవరో గుర్తు పెట్టుకోండి. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు శబ్దం నొక్కేసే సెట్టింగు) పూర్తిగా తెరిచి పెట్టండి, బుస్సుమనే శబ్దం వినపడాల. సిగ్నల్ వచ్చినప్పుడు ఆ బుస్సు ఒక్కసారి పలచబడతాది, తర్వాత అర సెకను గుర్రుమని పాకెట్. తగ్గుతా ఉంటే మణికట్టు తిప్పి కమ్మీల్ని అడ్డం నుంచి నిలువుకి మార్చండి, చటుక్కున లేస్తాది. మొత్తం ఫోన్లో రికార్డ్ చేసుకోండి, డీకోడ్ ఇంటికొచ్చి డైర్ వుల్ఫ్ అనే సాఫ్ట్‌వేర్‌తో తీరిగ్గా చేసుకోవచ్చు.

ఇంటికొచ్చినాక నేను చేసే ఇంకో పని, ప్రోగ్రాం చెప్పిన మొదలు టైం, నాకు నిజంగా వినపడిన టైం రెండూ పక్కపక్కన నోట్‌బుక్‌లో రాసుకోవడం. పదైదు పాస్‌లు అయినాక చూస్తే వాయవ్యం నుంచి వచ్చేవి అన్నీ నలభై యాభై సెకన్లు లేటుగా వినపడతా ఉన్నాయి, మిగతా దిక్కులు బాగానే ఉన్నాయి. కోడ్ మళ్లీ తిరగేసినా, ఏఐని మూడుసార్లు అడిగినా, అది మూడుసార్లూ క్షమాపణ చెప్పి ఏదో ఒకటి మార్చింది, తేడా అట్లాగే ఉండింది. ఒకరోజు బట్టలు ఆరేస్తా అటువైపు చూస్తే తెలిసింది, వాయవ్యంలో పక్కింటోళ్ల కొత్త మిద్దె మీద నీళ్ల ట్యాంకు, దాని పక్కన ఇనప రేకుల షెడ్డు. ఆ దిక్కులో 10 డిగ్రీలు కాదు 15 డిగ్రీల నుంచి లెక్కబెట్టు అని ప్రోగ్రాంలో ఒక్క లైన్ చేర్చుకున్నా.